ఫేవరెట్ క్యారెక్టర్‌ని డ్యామేజ్ చూసి ఎంచుకుంటున్నామా? కథ తెలుగులో లేకపోతే ఇంతే

ఆర్‌పీజీలు ఆడే మనవాళ్లను "నీ ఫేవరెట్ క్యారెక్టర్ ఎవరు?" అని అడిగి చూడండి. పేరు వెంటనే చెప్పేస్తారు. "ఎందుకు?" అంటే మాత్రం చాలామంది జవాబు ఒక్కటే: "డ్యామేజ్ మామూలుగా ఉండదు బ్రో." ఆ క్యారెక్టర్ ఎవరు, ఏం పోగొట్టుకుంది, ఎందుకు పోరాడుతోంది అని అడిగితే సమాధానం ఉండదు.

దీనికి "ఈ జనరేషన్‌కి ఓపిక లేదు" అని తీర్పు చెప్పేయడం తేలిక. నేను ఒప్పుకోను. గంటల తరబడి ఒక్క ఆర్టిఫాక్ట్ కోసం అదే డంజియన్ ఆడేవాడికి ఓపిక లేదని ఎలా అంటాం? అసలు సమస్య భాష. కథ మన దాకా రావట్లేదు, నంబర్లు మాత్రం వస్తున్నాయి.

షీల్డ్ వెనకాల ఒక మనిషి

నేనుండేది ఎల్బీ నగర్‌లో. విజయవాడ హైవే మీద నుంచి సిటీలోకి వచ్చేవాళ్లకు మొదట తగిలే పెద్ద సెంటర్ ఇదే. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం నుంచి కోచింగ్ కోసం, ఉద్యోగం కోసం వచ్చినవాళ్లతో ఇటు చైతన్యపురి, అటు కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లు నిండి ఉంటాయి. రాత్రి పది దాటితే ప్రతి ఫ్లోర్‌లో ఎవరో ఒకరు గేమ్‌లో ఉంటారు. బీజీఎంఐ వాళ్లే ఎక్కువ. కానీ గెన్షిన్ ఇంపాక్ట్ లాంటి ఆర్‌పీజీలు ఆడేవాళ్లు కూడా తక్కువేం లేరు.

సూర్యాపేట నుంచి వచ్చిన ఒక తమ్ముడు ఉన్నాడు. ఇంటర్ దాకా తెలుగు మీడియం. వాడి ఫేవరెట్ రైడెన్ షోగన్. కారణం? టీమ్ మొత్తానికి ఎనర్జీ నింపుతుంది, బర్స్ట్‌లో కత్తి తీసి నరికితే బాస్ సగం హెల్త్ ఔట్. డైలాగులు వస్తే స్క్రీన్ మీద టకటకా నొక్కేస్తాడు.

ఒకరోజు చాయ్ తాగుతూ ఆమె కథ తెలుగులో చెప్పాను. అసలు దేవత పేరు ఏయి. కవల అక్క మకోటో యుద్ధంలో చనిపోతుంది. మార్పు ఉన్నంతకాలం పోగొట్టుకోవడం కూడా ఉంటుంది కాబట్టి ఏదీ మారని రాజ్యం కావాలని నిర్ణయించుకుంటుంది. తను కత్తి లోపలి లోకంలో ధ్యానంలోకి వెళ్లిపోయి, బయట రాజ్యం ఏలడానికి తన రూపంలోనే ఒక బొమ్మను చేసి పెడుతుంది. వీడు నరికించేది ఆ కత్తితోనే.

వాడు గ్లాసు పక్కన పెట్టి "గింత కథ ఉందా అన్నా? మరి గేమ్‌ల చెప్పరేంది?" అన్నాడు. గేమ్‌లో చెబుతారు. గంటల కొద్దీ చెబుతారు. కాకపోతే వాడి భాషలో కాదు.

జోంగ్లీ కూడా అంతే. మనవాళ్లకు ఆయనంటే "బెస్ట్ షీల్డ్". ఆయన ఆరువేల ఏళ్లు బతికిన దేవుడు. దేవుడి ఉద్యోగం చాలనుకుని మామూలు మనిషిలా బతకడానికి వస్తాడు. అంత్యక్రియలు జరిపించే సంస్థలో సలహాదారుగా ఉంటాడు. లోకంలో డబ్బు అనేదాన్నే సృష్టించిన దేవుడు, హోటల్‌కి వెళ్తే జేబులో రూపాయి ఉండదు! ఇలాంటి క్యారెక్టర్ మన సినిమాలో ఉంటే థియేటర్ ఊగిపోయేది.

లెక్క చూద్దాం

గెన్షిన్ 2020 సెప్టెంబర్ 28న వచ్చింది. గేమ్‌లో టెక్స్ట్ 15 భాషల్లో ఉంది. థాయ్, వియత్నామీస్, ఇండోనేషియన్, టర్కిష్ కూడా ఆ లిస్టులో ఉన్నాయి. ఒక్క భారతీయ భాష కూడా లేదు. ఇది ఒక్క గేమ్ సంగతి కాదు, పెద్ద ఆర్‌పీజీలు చాలావాటిలో ఇదే పరిస్థితి.

"బీటెక్ అంతా ఇంగ్లీషులోనే చదివాం కదా, గేమ్ చదవలేమా?" అనొచ్చు. నేను రోజూ ఇంగ్లీషు డాక్యుమెంటేషన్ చదివే బతుకుతున్నాను. కానీ ఏపీఐ గురించి చదవడం వేరు, పాతకాలపు పదాలతో, పురాణం టైపులో మాట్లాడే ఒక దేవత బాధను చిన్న సబ్‌టైటిల్‌లో చదివి ఫీల్ అవడం వేరు. మొదటిదానికి అర్థమైతే చాలు. రెండోదానికి మనసులో దిగాలి.

దీంట్లో జేబుకు సంబంధించిన విషయం కూడా ఉంది. గెన్షిన్‌లో ఒక్కో విష్‌కి ఐదు స్టార్ల క్యారెక్టర్ వచ్చే బేస్ ఛాన్స్ 0.6 శాతం. 90 విష్‌లకు గ్యారంటీ. కానీ అది మీకు కావాల్సిన క్యారెక్టర్ కాకపోతే మళ్లీ 90. అదృష్టం అస్సలు కలిసిరాకపోతే 180 విష్‌లు, ఒక్కోదానికి 160 చొప్పున 28,800 ప్రిమోజెమ్స్. దాదాపు ఆరు వారాలకోసారి కొత్త వెర్షన్, కొత్త బ్యానర్.

డ్యామేజ్ చూసి ఇష్టపడ్డవాడికి ఇంకా ఎక్కువ డ్యామేజ్ ఉన్న క్యారెక్టర్ రాగానే పాతది బోర్ కొడుతుంది. కథ చూసి ఇష్టపడ్డవాడికి ఆ సమస్య తక్కువ, ఎందుకంటే కథకు పవర్ క్రీప్ ఉండదు. కథ తెలిసినా ఖర్చు పెట్టేవాళ్లు ఉంటారు, నిజమే. కనీసం దేనికి పెడుతున్నారో వాళ్లకు తెలుస్తుంది. హాస్టల్ ఫీజు డబ్బుల్లోంచి తీసి పెట్టేవాడికి అది చిన్న విషయం కాదు.

ఫాంటసీ మనకు కొత్తా?

"తెలుగులో పెడితే నవ్వులాటగా ఉంటుంది, ఫాంటసీకి ఇంగ్లీషే సూట్ అవుతుంది" అనేవాళ్లకు నా సమాధానం చందమామ. 1950ల నుంచి 70ల దాకా తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గం, యక్షపర్వతం, మాయాసరోవరం అంటూ ఏళ్ల తరబడి సీరియళ్లు నడిచాయి. రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. పత్రికలో ఆయన పేరు కూడా వేసేవాళ్లు కాదు. యక్షపర్వతంలో ఖడ్గవర్మ చేతిలో కత్తి, జీవదత్తుడి చేతిలో మంత్రదండం. మనం ఇప్పుడు పార్టీలో వారియర్, మేజ్ అంటున్నది ఇదే కదా! భాష కూడా ఆరో క్లాసు పిల్లాడికి అర్థమయ్యేంత సింపుల్.

అంతకంటే ముందు మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథలు రాశారు. గురువు, వెంట ఒక కుర్రాడు కాశీకి నడిచి వెళ్తుంటారు. ఆగిన ప్రతి మజిలీలో కుర్రాడు ఒక వింత చూస్తాడు, దాని వెనక కథ చెప్పమంటాడు. సేవ్ పాయింట్, సైడ్ క్వెస్ట్ అంటే మన ముత్తాతలకు ఆశ్చర్యం వేసేది కాదు. 1951లో పాతాళ భైరవి వచ్చాక హీరో తోట రాముడితో సమానంగా జనానికి గుర్తుండిపోయింది ఎస్వీ రంగారావు వేసిన నేపాళ మాంత్రికుడు. కథ మన భాషలో అందితే విలన్ కూడా ఫేవరెట్ అవుతాడనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

పోలండ్‌ని చూడండి. ఆండ్రే సప్కోవ్‌స్కీ 1986లో తన సొంత భాషలో ఒక పత్రికకు రాసిన కథలో పుట్టాడు గెరాల్ట్. 2015లో ది విచర్ 3తో ప్రపంచమంతా వాడి ఫ్యాన్ అయింది. పోలండ్ జనాభా నాలుగు కోట్లు కూడా లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల పైనే. సైజు మన అడ్డంకి కాదు.

టెక్నికల్‌గా కష్టమా?

కొంత పని ఉంది, దాచడం ఎందుకు. "లక్ష్మి" అనే మాట కంటికి రెండు అక్షరాలే. యూనికోడ్‌లో మాత్రం ఏడు కోడ్ పాయింట్లు. వాటిని కలిపి వత్తు కిందికి, గుడి పైకి సరిగ్గా పెట్టడాన్ని షేపింగ్ అంటారు. యూనిటీలో ఎక్కువమంది వాడుతూ వచ్చిన టెక్స్ట్‌మెష్ ప్రో ఈ పని తనంతట తాను చేయదు, అందుకే వత్తులు విడిపోయిన తెలుగు కనిపిస్తుంది. కానీ దీనికి హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఉంది. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో, క్రోమ్‌లో తెలుగు సరిగ్గా కనిపించేది దానివల్లే. అన్‌రియల్ ఇంజిన్, గోడో 4 కూడా దాన్నే వాడతాయి. గుర్తులు పైనా కిందా పేర్చుకునే థాయ్ లిపిని గేముల్లో చూపించగలిగినప్పుడు తెలుగును చూపించలేమనడం సాకు.

డబ్బింగ్ ఇప్పుడే అడగట్లేదు. వాయిస్ ఖర్చు ఎక్కువ. జపనీస్ వాయిస్ అలాగే ఉంచి, కింద తెలుగు టెక్స్ట్ ఇస్తే మొదటి అడుగుకు అది చాలు. అనువాదం మాత్రం మెషీన్‌కి వదిలేయకుండా, చందమామ చదివిన చెయ్యి ఉన్న మనిషితో చేయించాలి.

"మనవాళ్లు డబ్బులు పెట్టరు, మార్కెట్ లేదు" అన్నది చివరి వాదన. అడగని భాషకు మార్కెట్ ఉందని కంపెనీకి ఎలా తెలుస్తుంది? సర్వేలో, ప్లే స్టోర్ రివ్యూలో "తెలుగు టెక్స్ట్ కావాలి" అని ఒక్క లైన్ రాయడానికి నిమిషం పట్టదు. ఫోన్లు, గేములు రివ్యూ చేసే మేం కూడా మారాలి. ఎఫ్‌పీఎస్, హీటింగ్, బ్యాటరీ డ్రెయిన్ కొలిచి చెబుతాం కానీ కథ ఏ భాషలో అందుతుందో చెప్పం. ఇక మీదట నేను రాసే ప్రతి ఆర్‌పీజీ రివ్యూలో, ఎఫ్‌పీఎస్ టేబుల్ కింద ఆ లైన్ ఉంటుంది. తెలుగు ఉంటే ఉందని, లేకపోతే లేదని.