సలాడ్‌లో బీరా? అవునండీ!

తెరమీద హీరో బీరు సీసా మూత పళ్లతో పీకితే ఈలవేసే సోదరులారా! బీరుకి గ్లాసొక్కటే గతి కాదండోయ్. పాశ్చాత్యులు దాన్ని సలాడ్‌లోనూ పోస్తారు. చేదు తక్కువున్న లాగర్ మూడు చెంచాలు, నూనె రెండు, ఆవముద్ద ఒకటి, నిమ్మరసం, ఉప్పు, చిటికెడు పంచదార గిలక్కొట్టి కీరా, ఉల్లి, ఉడికిన బంగాళాదుంప ముక్కల్లో కలపడమే. నూనె, బీరు విడిపోకుండా పట్టి ఉంచేది ఆవముద్దే. బీరుని మరిగిస్తే చేదు చిక్కబడుతుంది. అందుకే పచ్చిగానే పోస్తారు.

మెలికంతా అక్కడే! పొయ్యెక్కని బీరులో ఆల్కహాలు ఎక్కడికీ పోదు. ‘కొంచెమే కదా’ అని చెప్పకుండా అతిథికి వడ్డిస్తే, నా మటుకు నాకు అది పచ్చి విలనీ! తాగనివారికి మాల్ట్ వెనిగర్ ఉండనే ఉంది. అదీ ఒకప్పుడు బార్లీ బీరే. మళ్లీ పులిశాక ఆల్కహాలు దాదాపు అంతా ఆమ్లంగా మారిపోతుంది, ఇంటర్వెల్ తర్వాత మన తాగుబోతు హీరో మారినట్టు!