చిప్స్ దేనిలో వేయించారు?

పోయిన వేసవిలో మా గుడి తరఫున పెద్దవాళ్ళని బస్సులో సముద్రం చూడడానికి తీసుకెళ్ళాం. యార్క్‌షైర్‌లో, విట్బీకి కొంచెం దూరంగా ఒక పల్లె. నిటారుగా దిగే రాళ్ళ వీధి, దాని చివర సముద్రం. అక్కడే ఒక చిన్న ఫిష్ అండ్ చిప్స్ హోటలు. నాలుగైదు బల్లలు, అంతే. మాలో ఎక్కువమంది శాకాహారులు. అందుకని చేప లేకుండా చిప్స్, మషీ పీస్ మాత్రం చెప్పాం.

నేను పిన్నిగారు అని పిలిచే ఒక పెద్దావిడ మాతో వచ్చారు. ఆవిడకి ఎనభై దాటాయి. సంచిలోంచి కారప్పొడి తీసి చిప్స్ మీద చల్లుకుని, పిల్లలా సంతోషంగా తింటున్నారు.

నేను వెనిగర్ కోసం కౌంటర్ దగ్గరికి వెళ్ళాను. గోడ మీద బోర్డు ఉంది. అన్నీ బీఫ్ డ్రిప్పింగ్‌లో, అంటే గొడ్డు కొవ్వులో, పాత పద్ధతిలో వేయిస్తామని రాశారు. వాళ్ళేమీ దాచలేదు. గర్వంగానే రాసుకున్నారు. యార్క్‌షైర్‌లో అది పాత అలవాటు. మేముండే దక్షిణం వైపు చాలా షాపుల్లో నూనె వాడతారు. అందుకే అడగాలని నాకు తోచలేదు.

తిరిగి వచ్చి కూర్చున్నాను. నా ప్లేటు ముట్టుకోలేదు. కానీ ఎవరికీ చెప్పలేదు. అప్పటికే సగం తినేశారు, ఇప్పుడు చెప్పి బాధపెట్టడం ఎందుకు అనుకున్నాను. బస్సులో పిన్నిగారు, "ఇంత రుచిగా చిప్స్ ఎక్కడా తినలేదు" అన్నారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

వారం తర్వాత గుడిలో చెప్పేశాను. నేను సొంతంగా నేర్చుకున్న తెలుగులో, "పిన్నిగారూ, ఆ చిప్స్‌కి కొవ్వు ఉంది" అన్నాను. ఆవిడ నవ్వారు. "బంగాళాదుంపకి కొవ్వేమిటే అమ్మాయ్?" అన్నారు. కొవ్వు అంటే పొగరు అని కూడా అర్థం ఉందని నాకు అప్పుడు గుర్తు రాలేదు. "గొడ్డు కొవ్వులో వేయించారు, పిన్నిగారూ" అన్నాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"అక్కడే. మీరు తింటున్నప్పుడు."

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "తెలియక తిన్నాను, దానికి దేవుడు నన్నేమీ అనడు. నువ్వు అప్పుడే చెప్పి ఉంటే ప్లేటు పక్కన పెట్టేదాన్ని కదా. ఒక్క పూట ఆకలికి ఆగలేనా?" అన్నారు.

ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటోంది. ఆవిడ తినాలా వద్దా అన్నది ఆవిడ ఇష్టం. నేను చెప్పకుండా ఊరుకుని ఆ ఇష్టాన్ని లాగేసుకున్నాను.

ఇక్కడి చట్టం ప్రకారం 14 అలర్జీ పదార్థాల గురించి హోటళ్ళు చెప్పాలి. 2014 డిసెంబర్ నుంచి విడిగా వడ్డించే తిండికి కూడా ఇది వర్తిస్తుంది. అందులో చేప, పాలు, గుడ్డు, ఆవాలు, నువ్వులు ఉన్నాయి. గొడ్డు కొవ్వు లేదు. మన నమ్మకం అలర్జీ కాదు కదా. కాబట్టి అడగాల్సింది మనమే.

"అడగకపోతే హాయిగా తినేవాళ్ళం కదా, బయట ఇన్ని పట్టింపులా?" అని మా గుడిలో కొందరు అంటారు. తెలుసుకోవద్దు అనుకునేవాళ్ళు అలాగే తినవచ్చు. కానీ పదిమంది పెద్దవాళ్ళని వెంటపెట్టుకుని వెళ్ళినవాళ్ళు మాత్రం అడిగి తీరాలని నా అభిప్రాయం.

అడిగితే షాపువాళ్ళు ఏమనుకుంటారో అని మొహమాటం వద్దు. నేను గుడిలో పులిహోర వడ్డిస్తాను. పల్లీలు వేశారా అని తల్లులు అడుగుతారు. గోధుమ పడనివాళ్ళు ఇంగువ గురించి అడుగుతారు, ఎందుకంటే డబ్బా ఇంగువలో గోధుమపిండి కలిపి ఉండవచ్చు. మాకెప్పుడూ కోపం రాలేదు.

రెండు ప్రశ్నలు చాలు. దేనిలో వేయిస్తారు? చేపలు వేయించిన నూనెలోనే చిప్స్ కూడా వేస్తారా? ఆర్డర్ చెప్పకముందే అడగాలి.

ఈ వేసవిలో మళ్ళీ అదే పల్లెకి వెళ్తున్నాం. పిన్నిగారు పేరు ఇచ్చారు. పులిహోర ఈసారి ఆవిడే చేసి తెస్తారట. మేము సముద్రం ఒడ్డున బెంచీల మీద తింటాం. చేప కావలసినవాళ్ళు ఆ హోటల్‌కే వెళ్తారు. నిజంగా మంచి హోటలు అది.

నా తెలుగులో తప్పులుంటే చెప్పండి. "కొవ్వు" ఒక్కటీ ఇప్పుడు బాగా వచ్చు.