గనిపద్దున కెక్కని గాయములు

2021 మే 8వ తేదీని కడప జిల్లా కలసపాడు మండలములోని మామిళ్లపల్లె ముగ్గురాతి గనికడ జిలెటిన్ కడ్డీలను బండినుండి దించుచుండగా ప్రేలుడు సంభవించి పదిమంది కూలీలు మరణించిరి. అంతకు మూడేండ్లకు ముందు, 2018 ఆగస్టు 3వ తేదీ రాత్రి, కర్నూలు జిల్లా ఆలూరు మండలములోని హత్తిబెళగల్ రాతిక్వారీయందును ప్రేలుడే. అచ్చట పదిమందికి తక్కువగాకుండ బలియైరి. వారిలో పెక్కండ్రు కూటికై ఒడిశానుండి వచ్చినవారు. రెండు తావులందును మొదటినాటి మృతుల లెక్క యొకటి, తరువాతి లెక్క మఱియొకటి. ఆసుపత్రిలో మరణించినవారివలన లెక్క పెరుగుట వేఱు సంగతి. ఆ పూట పనిలో నున్నవా రెవ్వరో తెలియక శవములను జూచి లెక్కకట్టుకొనుట వేఱు సంగతి.

చట్టము లేక కాదు. ఈ దేశమున మొదటి గనుల చట్టము 1901లోనే వచ్చినది. 1952 నాటి చట్టము, మరణము గాని తీవ్రగాయము గాని కలిగిన వెంటనే యజమాని నోటీసు పంపవలెననియు, దాని ప్రతిని గనికడ పలకపై పదునాలుగు దినములు ప్రదర్శింపవలెననియు, మూడుదినములు పని మానిపించిన గాయమునుసైతము పద్దున వ్రాసి మూడునెలల కొకపరి నకలు పంపవలెననియు శాసించెను. 2025 నవంబరు 21వ తేదీని దానికి మారుగా 2020 నాటి కార్మిక స్మృతి అమలునకు వచ్చినను నోటీసు విధి తొలగలేదు. అయినను కలము ఎవరిచేతిలో నున్నది? ప్రమాదమునకు జవాబు చెప్పవలసినవానిచేతనే! తనిఖీ శాఖ ప్రధాన కార్యాలయమో, ఎక్కడో ధన్‌బాదులో నున్నది.

న్యాయస్థానమున దీని ఫలితమును మేమెఱుగుదుము. పెనిమిటిని గోల్పోయిన యిల్లాలు పరిహారమునకై వచ్చినప్పుడు ప్రతివాది మొదట నడుగు ప్రశ్న, "నీ భర్త మా గనిలో పనిచేసెననుటకు సాక్ష్యమేది?" అని. లీజు ఒకరి పేర, గుత్త వేఱొకరిది, కూలిజనమును దెచ్చినది మేస్త్రి. ఆమె చూపవలసిన కాగితము ఎదిరిపక్షమువారి పెట్టెలోనే యుండును, ఉన్నయెడల!

చిన్న క్వారీలకు గుమాస్తాల నుంచుకొను శక్తి లేదని కొందఱు వాదింతురు. సీనరేజి కట్టుటకై గనినుండి వెడలు ప్రతి లారీకిని పర్మిటు వ్రాయవలసియున్నది గదా! రాతికి టన్నులవారీ లెక్క కుదిరినప్పుడు మనిషికి పేరు వ్రాయుట భారమగునా? మన యిండ్లలో బఱచుకొన్న బేతంచెర్ల బండ యే క్వారీదో దుకాణదారు చెప్పగలడు. దానిని గొట్టిన చేతికి వ్రేళ్లన్నియు నున్నవో లేవో చెప్పువారు లేరు.

ఇక కంటికి గనబడని గాయమున్నది. పులివెందుల ప్రాంతమున ఒకప్పుడు త్రవ్విన రాతినార పోగులు ఊపిరితిత్తులం జేరినచో రోగము ఇరువది, ముప్పదియేండ్లకు గాని బయటపడదు. అప్పటికి గని మూతబడును, మేస్త్రి మాయమగును. అట్టివాని కేపద్దు సాక్షి? పని చేరిననాడును, ఏటేటను వైద్యుడు పరీక్షించి వ్రాసిన కాగితపు నకలును కూలివానిచేతనే యుంచవలెను.

రెండు జిల్లాల కలెక్టరులను మేము కోరునది స్వల్పము. ప్రతిదినము పనిలోనికి దిగువారి పేరులు, ఊళ్లు వ్రాసిన పట్టిక ప్రేలుడు తగులని దూరమున నుండవలెను. ప్రమాదపు నోటీసు ప్రతి గ్రామపంచాయతీ కచ్చేరి గోడపై తెలుగున ఉండవలెను. ఒడిశావారున్నచోట వారి భాషలోను ఉండవలెను. ఇందులకు క్రొత్త శాసనము గూడ అక్కఱలేదు.