భోషాణములోని రివాల్వరు

ఉప్పలగుప్తమునుండి ఒక సోదరి మాకు లేఖ వ్రాసినది. ఆమె మామగారు కాలము చేసి చాల ఏండ్లయినది. భర్త నిరుడు గతించెను. సంవత్సరీకము ముగిసిన పిమ్మట ఇల్లు సర్దుకొనుచు, పడమటింటి భోషాణము దులుపుచుండగా, అడుగున పాత పట్టుగుడ్డలో చుట్టియున్న రివాల్వరొకటి కనబడినదట. గొట్టముమీద ఇంగ్లీషు అక్షరములు కొన్ని మాసిపోక మిగిలినవి. అది అమెరికా సరకని మామగారు చెప్పుచుండెడివారని ఆమెకు జ్ఞాపకము. లైసెన్సు పుస్తకము మాత్రము 1996 నవంబరు తుపానులో తక్కిన కాగితములతోబాటు తడిసి చివికిపోయినది.

“మరిదిగారు కాలువలో పారవేయుమనుచున్నారు. పట్టణమునుండి వచ్చిన వర్తకుడొకడు, చప్పుడు చేయక తనకిచ్చినచో విదేశములలో లక్షలకు అమ్మిపెట్టెదననుచున్నాడు. ఏది చేసినను, ముందుగా చింతపండుతో తోమి శుభ్రపరుపనా?” అని ఆమె అడుగుచున్నది.

సోదరీ, మా ప్రత్యుత్తరము ముందే చెప్పుచున్నాము. తోమవలదు. పారవేయవలదు. చాటుగా ఎవరికిని ఇయ్యవలదు. ఈ మూటికిని కారణములు వినుడు. ఇట్టి వస్తువు పెట్టెలలో మఱుగున పడియున్న యిండ్లు మఱికొన్ని ఉండవచ్చును గనుక, ఇది తక్కిన చదువరులకును పనికివచ్చునని మా తలంపు.

అన్నిటికంటె ముందు ప్రాణభయము. పాతదిగదా, తుప్పు పట్టినదిగదా, ఇక పేలదని ఎన్నడును అనుకొనరాదు. మొదటి కాలపు రివాల్వర్లకు ఇప్పటివంటి తూటాలు లేవు. ఉక్కు చక్రములోని ఒక్కొక్క గదిలో మందు పోసి, సీసపు గుండు దట్టించి, వెనుక చిన్న రాగి కేపు తొడిగెడివారు. అట్లు దట్టించిన మందు తడి తగులకున్న నూరేండ్లకైనను అంటుకొనగలదు. కావున మీట నొక్కి చూడరాదు, చక్రము త్రిప్పరాదు, గొట్టములోనికి తొంగి చూడరాదు. పిల్లలకు అందని చోట తాళము వేసి, తాళపుచెవి మీ కొంగుననే ముడివేసికొనుడు.

ఇక అది అమెరికా సరకా, కాదా? సామ్యూల్ కోల్టు అను అమెరికా దేశీయుడు 1836లో తిరుగుడు చక్రముగల తుపాకికి తన దేశమున పేటెంటు పొందెను. మొదట పెట్టిన కంపెనీ 1842లో మూతపడినను, 1847లో మరల పని సాగించి, హార్ట్‌ఫర్డు నగరమున పెద్ద కార్ఖానా కట్టెను. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనమున తన సరకు చూపి, తరువాత కొన్ని సంవత్సరములు లండనులోనే ఒక కార్ఖానా నడిపెను. అందువలన ఇంగ్లీషు అధికారుల నడుములకు కోల్టు రివాల్వరు చేరినది. వారితోడనే అది మన దేశమునకును వచ్చినది. స్మిత్ అండ్ వెస్సన్ అను మఱియొక అమెరికా కంపెనీ 1857లో, లోహపు తూటాలు వాడు రివాల్వరును బయటపెట్టినది. చెన్నపట్టణములో గడియారములకు పేరుపొందిన పి. ఆర్ అండ్ సన్సు వారును ఆ దినములలో తుపాకులమ్మెడివారు. కావున గొట్టముమీద అమ్మినవారి పేరుండవచ్చును, చేసినవారి పేరుండవచ్చును. రెండును ఒకటి కావు.

ఇంకొక చిక్కు కలదు. అమెరికా రివాల్వర్ల కీర్తి చూచి, బెల్జియములోని లియేజి నగరమునను, స్పెయిను దేశమునను వానికి నకళ్లు విరివిగా తయారైనవి. కోడిగ్రుడ్డు ఆకారపు గీత నడుమ ఇ, ఎల్, జి అను మూడు ఇంగ్లీషు అక్షరములు, వానితో ఒక నక్షత్రము కనబడినచో అది లియేజివారి పరీక్షముద్ర. అప్పుడు ఆ వస్తువు కోల్టువారి పోలికదే గాని కోల్టువారిది కాదని ఎక్కువగా తలపవలసియుండును. మామగారు అబద్ధమాడిరని కాదు. వారికి అమ్మినవాడు చెప్పిన మాటనే వారు నమ్మియుండవచ్చును.

వెలకట్టువారు చూచు సంగతులు మన యింటి పనులను పోలినవే. పెండ్లినాడు పుట్టింటివారిచ్చిన గంగాళముమీద పేరు చెక్కించుట మన ఆచారము. గంగాళముమీద ఒక పేరు, మూతమీద వేఱొక పేరు ఉన్నచో అవి రెండును ఒక యింటినుండి రాలేదని మీరు చూడగానే గుర్తింతురు. రివాల్వరుకును అంతే. చట్రము, చక్రము, గొట్టము, పిడి, వీనిమీద చెక్కిన అంకెలు ఒకదానితో నొకటి కలియవలెను. కలియనిచో ఏదో ఒక భాగము మార్చినారన్న మాట, వెల పడిపోవును. పిమ్మట చూచునది పైపూత. కార్ఖానాలో ఉక్కునకు పట్టించిన నీలిరంగు ఎంత మిగిలినదో అంత విలువ. సోదరి చింతపండుతో తోమ తలపెట్టినది ఆ నీలిరంగునే! ఇత్తడి చెంబు తోమిన కొలది మెఱయును. పాత తుపాకి తోమిన కొలది విలువ పోగొట్టుకొనును. అక్షరములు అరిగిన, చేసినవారెవరో చెప్పు సాక్ష్యమును అరుగును. అయితే కోనసీమలో సముద్రపుగాలి ఇనుమును తినివేయుననుట నిజమే. దానికి ఉపాయము రుద్దుట కాదు. తడి తగులని చోట పొడిగుడ్డలో ఉంచిన చాలును. లోపలి శుభ్రత తెలిసినవాని చేతిపని.

అన్నిటికంటె ఎక్కువ విలువ చరిత్రది. కోల్టువారు 1873లో వెలువరించిన రివాల్వరు మొదటి కాలములోనే మూడున్నర లక్షలకు పైగా తయారైనది. అట్టి దానితోనే 1881లో పాట్ గారెట్ అను షెరీఫు, బిల్లీ ది కిడ్ అను పేరుమోసిన బందిపోటును కాల్చి చంపెను. ఆ యొక్క రివాల్వరు 2021లో వేలమున అరువది లక్షల డాలర్లకు మించి పలికినది. దాని ఉక్కు తక్కినవాని ఉక్కువంటిదే. ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయినదో తెలుపు ఆధారములుండుటయే భేదము. 1847నాటి వాకర్ కోల్టులు సుమారు 1100 మాత్రమే తయారగుటచే, వానిలో మంచి స్థితిలో నిలిచినదొకటి 2018లో 18 లక్షల 40 వేల డాలర్లు తెచ్చినది. ఇవి విని ఆశపడవలదు. ఇండ్లలో దొరకు పాత రివాల్వర్లలో ఎక్కువ భాగము అరిగినవో, నకళ్లో అయియుండును. పైగా మన దేశమున చట్టము ఒప్పిన వారికే అమ్మవలెను గనుక కొనువారును కొద్దిమందియే.

ఇప్పుడు వర్తకుని మాట. అతడు లక్షలనుచు, చప్పుడు చేయవలదనుటలోనే మోసము తెలియుచున్నది. నూరేండ్లు దాటిన వస్తువు పురావస్తువని తేలినచో, దానిని ప్రజలెవ్వరును విదేశములకు పంపరాదని 1972నాటి చట్టము నిషేధించుచున్నది. లైసెన్సులేని వానికి తుపాకి చేతిలో పెట్టుటయు నేరమే. రేపు అది ఏ దుష్కార్యమునకు వాడబడినను, పోలీసులు వెదకుకొనుచు వచ్చునది మీ గుమ్మమునకే. కాలువలో పారవేసినను ఈ భయము తీరదు. నీరు తగ్గిననాడు అది ఏ పసివాని చేతికైన దొరకవచ్చును.

1959నాటి ఆయుధచట్టము ప్రకారము లైసెన్సు గడచిపోయిన ఆయుధమును జాగుచేయక దగ్గరి పోలీసుస్టేషనులోగాని, లైసెన్సుగల వర్తకునివద్దగాని అప్పగింపవలెను. అట్లు అప్పగించినంతమాత్రమున అది మీది కాకపోదు. తరువాత ఉంచుకొనుటకు అర్హత పొందినచో తిరిగి తీసికొనవచ్చును. లేదా చట్టము ఒప్పినవారికి అమ్మవచ్చును. 2016నాటి నియమములలో, లైసెన్సుదారుడు మరణించిన పిమ్మట వారసులు తమ పేర లైసెన్సు కోరుటకు వీలు కలదు. మఱియు 2020 ఫిబ్రవరిలో భారతప్రభుత్వము, కూరియో అనబడు అపురూపపు పాత చిన్న ఆయుధములను ఉంచుకొనుటకు భారతపౌరులకు లైసెన్సు అక్కరలేదని ప్రకటించినది. వాడుటకును, వెంట తీసికొనిపోవుటకును మాత్రము లైసెన్సు కావలసినదే. అయితే మీది అట్టిదని తేల్చవలసినది మీరును కాదు, మేమును కాదు.

కావున అమలాపురములో నమ్మకమైన న్యాయవాదిని చూచి, జరిగినది దాచక చెప్పుడు. మామగారి పేరు, లైసెన్సును గూర్చి తెలిసినంత వివరము, తుపానులో కాగితములు పోయిన సంగతి, రివాల్వరు దొరికిన తేది, అన్నియు వ్రాసి అర్జీ పెట్టించుడు. దానిని సంచిలో వేసికొని బస్సెక్కి స్టేషనునకు పోవలదు. ముందుగా వ్రాతమూలముగా తెలిపి, ఎట్లు అప్పగింపవలెనో వారినే అడుగుడు. అప్పగించినప్పుడు పేరు, అంకెలు, ముద్రలు వివరముగా చేర్చిన రసీదు పుచ్చుకొనుడు. చివికిన లైసెన్సు పుస్తకపు ముక్కలైన మిగిలినచో వానిని పారవేయవలదు. మామగారు తుపాకి పట్టుకొని దిగిన ఫొటో యేదైన గోడమీద ఉన్నచో అదియు సాక్ష్యమే.

అర్జీలో ముందుగా మీ పేరుండవలెనని మా కోరిక. 1956నాటి హిందూ వారసత్వచట్టము ప్రకారము భర్త ఆస్తికి భార్య ప్రథమశ్రేణి వారసురాలు. మామగారి వస్తువులో మీ భర్తకు వచ్చిన భాగమున మీకును మీ బిడ్డలకును హక్కు కలదు. మరిదిగారికిని హక్కు కలదు గనుక ఆయనను కూర్చుండబెట్టి, చట్టము చదివి వినిపించి, ఆయన సంతకము కూడ తీసికొనుడు. ఆయన పారవేయుమనుట భయముచేతనే గాని చెడ్డతనముచేత కాదని మాకు తోచుచున్నది.

తుపాకుల వ్యవహారము ఆడవారిది కాదని ఎవరైన అందురేని, ఈ సంగతి చెప్పుడు. సామ్యూల్ కోల్టు 1862లో మరణింపగా కార్ఖానా యాజమాన్యము ఆయన భార్య ఎలిజబెత్తునకు సంక్రమించినది. రెండేండ్లకే, 1864లో, ఆ కార్ఖానా అగ్నిపాలైనది. ఆమె వెనుదీయక మరల కట్టించి, 1901లో అమ్మివేయువరకు చేతిలో నిలుపుకొన్నది. 1905లో కన్నుమూయునప్పుడు భర్త కూర్చిన తుపాకులను చాటుగా ఎవరికిని పంచక, తమ యూరి మ్యూజియమునకు వ్రాసి యిచ్చినది. అవి నేటికిని హార్ట్‌ఫర్డులో నిలిచియున్నవి.

సోదరీ, మీ రివాల్వరు నిజమైన కోల్టో, లియేజి నకలో మాకు తెలియదు. ఏదైనను, మీ మామగారు దానిని వెలుగులోనే ఉంచిరి. లైసెన్సు పుస్తకము తీసికొనుటయే దానికి గుర్తు. మీరును వెలుగులోనే ఉంచుడు. రసీదు చేతికి వచ్చిన పిమ్మట మాకొక కార్డు వ్రాయుదురుగాక.