లోహఫలకముపై పల్లెసీమ



గతమాసమున జనగామలో మా బంధువుల యింట నొక బాలిక, చిత్రకళాశాలలో అచ్చుచిత్రముల విద్య నేర్తునని పట్టుపట్టినది. "ఒకే బొమ్మను పదిమార్లు ఒత్తుటయు నొక కళయేనా?" యని తల్లి యీసడించెను. నేనును తలయూపితిని, పిదప సిగ్గుపడితిని.

మన దేవునిగదిలోని రవివర్మచిత్రముల మాట తలపునకు వచ్చినది. 1894లో బొంబాయిలో నెలకొల్పిన ముద్రణాలయమున, రంగున కొక రాతిపలక చొప్పున, పొరపై పొర యద్ది వానిని తీసెడివారు. వెండ్రుకవాసి తప్పినను దేవి పెదవియెఱుపు చెక్కిలికి జాఱును!

మెదకుసీమలోని నిజాంపురమున 1940లో జన్మించిన కె. లక్ష్మా గౌడుగారు బరోడాలో నీ విద్య నభ్యసించిరి. లోహపు రేకుపై మైనపుపూత పూసి, సూదితో గీసి, ఆమ్లమున ముంచినచో, గీచినమేర లోహము కరగి గాడి యగును. అందు సిరా నింపి, పైభాగము తుడిచి, తడిపిన కాగితముపై యంత్రముతో నొత్తుదురు. ముదురుచాయ కావలసినచోట మరల ఆమ్లస్నానమే. మేకలు, చెట్లు, బండలు, పల్లెజనము, అన్నియు నట్లే యాయన కాగితముపై వెలసినవి. 2016లో వారికి పద్మశ్రీ లభించినది.

భూపాలపల్లిప్రాంతపు పాండవులగుట్టల యిసుకరాతిపొరలను, వానిపై నాదిమానవులు వ్రాసిన జేగురుబొమ్మలను రేకుపై గీయవలెనని యా బిడ్డ కోరిక. ఆమ్లపుఘాటు మాట తల్లి యెత్తినది. అది న్యాయమైన భయమే. గాలి ధారాళముగా వీచు గదియు, చేతులకు తొడుగులును తప్పవని చెప్పితిని.

ఆమె యింకను సమ్మతింపలేదు. దరఖాస్తు మాత్రము మావారిచేత నింపించితిని.