రేషన్ కార్డు దగ్గర మొదలుకావలసిన మాట

కృత్రిమ మేధ వల్ల సమాజానికి కలగగల ముప్పును గురించి తెలుగులో వచ్చే రాతలు ఎక్కువగా మనుషులను మించిపోయే యంత్రాల దగ్గరో, నటి రష్మిక ముఖాన్ని మరొకరి దేహానికి అతికించిన 2023 నాటి నకిలీ వీడియో దగ్గరో ఆగిపోతున్నాయి. అవీ పట్టించుకోదగినవే. కాని పలాస జీడిపప్పు కార్మికురాలికి, బొబ్బిలి కౌలు రైతుకు చప్పున అర్థమయ్యే ఉదాహరణ తెలంగాణలో ఉంది. వేర్వేరు ప్రభుత్వ శాఖల వివరాలను పేరు, చిరునామాల పోలికను బట్టి జతచేసి కుటుంబ స్థితిని అంచనా కట్టే ‘సమగ్ర వేదిక’ అనే కంప్యూటర్ వ్యవస్థ, రిక్షా తొక్కి బతికిన ఒక మనిషిని అతని పేరును పోలిన పేరున్న కారు యజమానిగా లెక్కవేయగా, ఆ ఇంటికి ఆహార భద్రత కార్డు దక్కకుండా పోయింది. క్షేత్ర విచారణ లేకుండా రద్దయిన కార్డులను మళ్లీ పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. అప్పలనాయుళ్లు, అప్పలనరసమ్మలు వీధికి నలుగురుండే ఉత్తరాంధ్రలో ఇటువంటి పోలిక ఎక్కడికి దారితీస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, సవర గిరిజనులకు చదువు చెప్పడానికి ముందు వారి భాషను తాను నేర్చుకున్నారు. అల్గారిథమ్‌ను, అంటే వివరాల నుంచి నిర్ణయానికి చేరడానికి యంత్రం అనుసరించే సూత్రాల వరుసను, జనానికి వివరించబోయే నిపుణులకు ఆ ఓపిక ఇంకా అలవడలేదు. అందువల్ల ఈ సంచిక వ్యాసాలు భయపెట్టే జోస్యాలను పక్కనబెట్టి, దరఖాస్తు తిరస్కరించిన యంత్రం ఏ వివరాన్ని చూసింది, దాన్ని సరిదిద్దే అధికారి ఎవరు, లిఖితపూర్వక కారణం ఎలా అడగాలి అన్న ప్రశ్నలనే పట్టుకున్నాయి.