మొదటి రీలు చూడని ప్రేక్షకులం

మీకో చిన్న పరీక్ష పెడతాను, ఏమీ అనుకోకండి. 'మాయాబజార్' ఎన్నిసార్లు చూశారు? పదంటారు, ఇరవై అంటారు. సరే. పేర్లు పడే దగ్గర్నుంచి శుభం కార్డు దాకా, మధ్యలో లేవకుండా ఎన్నిసార్లు చూశారు? అదిగో, ఆలోచనలో పడ్డారు కదూ!

నాకు పాత సినిమాల పిచ్చి. మావారైతే అది పిచ్చి కాదు, జబ్బంటారు. ఏ పాత్ర ఎవరు వేశారో, ఏ సినిమా ఏ సంవత్సరమో అర్ధరాత్రి లేపి అడిగినా చెప్పేస్తాను. అలాంటి నేనే 2010 దాకా 'మాయాబజార్'ని ఒక్క కూర్చుడున చూడలేదంటే నమ్మండి. ఆ ఏడాది దానికి రంగులద్ది మళ్లీ హాళ్లలో వేశారు. హాల్లో పొయ్యి ఉండదు కనుక, సీటులోంచి లేవకుండా చూడగలిగాను.

హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. మా ఇంటికి టీవీ వచ్చింది మాత్రం నేను కాపురానికొచ్చిన రెండేళ్లకి. సాయంత్రం సినిమా అనగానే ఇరుగుపొరుగు పిల్లాజెల్లాతో దిగేవారు. అందరికీ టీలు పెట్టి, ఎసరు పడేసి నేను గుమ్మం దగ్గరికొచ్చేసరికి సగం కథ అయిపోయేది. మధ్యలో 'అంతరాయానికి చింతిస్తున్నాం' అని బోర్డు పడితే హాల్లో అందరూ ఉసూరుమనేవారు. నాకు మాత్రం, చెప్పొద్దూ, ఆ బోర్డంటే ప్రాణం. ఈలోగా పప్పులో పోపు పెట్టేసుకోవచ్చు!

1984లో 'హమ్ లోగ్' వచ్చింది. హిందీ అంతంతమాత్రమే అయినా, చివర్లో అశోక్ కుమార్ వచ్చి నాలుగు మాటలు చెప్పే సమయానికి చేతులు తుడుచుకుంటూ పరుగెత్తేదాన్ని. ఇక 1987 జనవరిలో మొదలైన 'రామాయణ్' సంగతి మీకు చెప్పాలా? ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నర, అంటే సరిగ్గా టిఫిన్ల వేళ. కైకేయి వరాలడిగిన రోజున నేను పెసరట్లు వేస్తున్నాను. ఆ సీరియల్లో సగం చెవులతోనే చూశాను. 2020 మార్చి 28 నుంచి లాక్‌డౌన్లో మళ్లీ వేస్తుంటే ఈసారైనా తనివితీరా చూద్దామనుకున్నాను. ఇంటిల్లిపాదీ ఇంట్లోనే, మూడు పూటలా వంట. మళ్లీ గుమ్మమే దిక్కయింది.

'గుండమ్మ కథ' (1962) గుర్తుందిగా? అందులో ఎన్.టి. రామారావు రుబ్బురోలు ముందు కూర్చుని పిండి రుబ్బుతాడు, పక్కన సావిత్రి. ఆ సీనొస్తే మా మామగారు పడీపడీ నవ్వేవారు. ఒకసారి సరిగ్గా అప్పుడే పెరట్లోంచి "గరగర" మని చప్పుడు. మా అత్తయ్య మర్నాటికి పిండి రుబ్బుతోంది. "కాసేపు ఆపవే, టీవీ వినపడి చావడంలేదు" అని కేకేశారాయన. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. (అన్నట్టు, తెర మీద గయ్యాళి సూర్యకాంతం, షూటింగులకు ఇంటి నుంచి వండి తెచ్చి అందరికీ కొసరి కొసరి పెట్టేదట. ఆవిడకీ వంట తప్పలేదు!)

ఆ అత్తయ్యకిప్పుడు ఎనభై నాలుగు. 'మాయాబజార్' విడుదలైన 1957లో ఆవిడ పెళ్లికాని పిల్ల, హాలుకి పంపలేదు. తరవాత టీవీలో గుమ్మంలోంచి చూసిందే. మొన్న సంక్రాంతి వెళ్లాక ఒకరోజు కూరలూ అన్నం బయటనుంచి తెప్పించి, పొద్దున పదింటికే ఆవిణ్ణి టీవీ ముందు కూర్చోబెట్టాను. "పగలు సినిమా ఏమిటే, ఎవరైనా చూస్తే?" అంది. అయినా కూర్చుంది.

మొదట్లోనే ప్రియదర్శిని పెట్టె వస్తుంది. అందులోకి ఎవరు చూస్తే వాళ్లకి ప్రాణప్రదమైంది కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలూ మణులూ. అత్తయ్య ముందుకు వంగి, "ఆపు" అంది. ఆపాను.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. పాండవులు రాజ్యం పోగొట్టుకున్నాక రేవతి మాట తప్పి, లక్ష్మణకుమారుడి సంబంధం ఒప్పుకుంటుంది కదా, ఆవిణ్ణి అత్తయ్య ఎప్పుడూ వెనకేసుకొచ్చేది. "పాపం, తల్లి. కూతురు అడవుల పాలవుతుందని భయపడింది" అనేది. మా ఆడపడుచుకు అనుకున్న సంబంధం, వాళ్లకు వ్యాపారం దెబ్బతిందని తెలియగానే అత్తయ్యే వద్దంది. పిల్ల నెల్లాళ్లు ఏడ్చింది. అప్పుడూ రేవతి మాటే చెప్పింది.

"అయితే ముందునుంచీ దీని మనసులో నగలేనన్నమాట" అంది, తెరమీద ఛాయాదేవి మొహంకేసి చూస్తూ. కాసేపటికి, "నేనట్లా కాదే" అంది.

"కాదత్తయ్యా" అన్నాను.

"ఆ పెట్టె నా చేతికిస్తే ఏం కనిపించేదంటావు?"

ఏం చెప్పాలో తోచక నేను రిమోట్ తిప్పుతుంటే, ఆవిడే మోకాళ్లు పట్టుకుని లేవబోయింది, ఎసరు పెట్టాలిగా అని. అన్నం గిన్నెలో ఉందనీ, ఇవాళ ఎవ్వరికీ ఏమీ వండక్కర్లేదనీ గుర్తుచేసి కూర్చోబెట్టాను. ఘటోత్కచుడు రావడానికి ఇంకా చాలా టైముంది.